రొయ్యల గట్టు ఎక్కని బొలెరో: వెనక హౌసింగ్ కేస్ స్టడీ

బండి 2007 మోడల్ బొలెరో, టూ వీల్ డ్రైవ్. మీటరు 2,70,000 కిలోమీటర్లు దాటింది. ఓనరు విడవలూరు మండలంలో రొయ్యల గుంటలు చేసే రైతు. వెనక సీట్లు పీకేసి మేత బస్తాలు, డీజిల్ క్యాన్లు, ఏరియేటర్ మోటార్లు, పట్టుబడి (రొయ్యలు పట్టే) రోజున ఐసు, అన్నీ దాంట్లోనే తోలతారు. వానలు పట్టుకున్న అక్టోబరు రెండో వారంలో నెల్లూరు ఆటోనగర్‌లో మా షెడ్డుకు తెచ్చారు. ఓనరు చెప్పింది ఇది.

"తమ్ముడూ, క్రౌన్ పినియన్ పోయిందంటా ఉండారు. సెట్టు మార్చాలంటే లేబర్‌తో కలిపి 28,000 అవుతుందన్నారు. గట్టు మీద ఎడమ చక్రం ఒకటే గిర్రున తిరగతా ఉంది, కుడిది కదల్లే. పోయినేడు ఇదే బండి, ఇదే గట్టు ఎక్కింది గదా!"

క్రౌన్ పినియన్ అంటే ఇంజను నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ తెచ్చే బలాన్ని వెనక యాక్సిళ్ల వైపు మళ్లించే పళ్ల చక్రాల జత, చిన్నది పినియన్, పెద్దది క్రౌన్. ఇంకో రెండు కంప్లయింట్లు డ్రైవరు చెప్పాడు. స్పీడు 50 దాటితే వెనక నుంచి ఊఁ అని ఒకే తీరుగా మోత. క్లచ్ వదిలి బండి కదిలించేటప్పుడు కింద 'టక్' మని దెబ్బ. ఆ అబ్బాయే ఇంకో మాట కూడా అన్నాడు. "ఇంతకుముందు చక్రం జారితే హ్యాండ్ బ్రేక్ నాలుగు పళ్లు లాగి రేజ్ చేస్తే ఎక్కేసేదన్నా. ఇప్పుడు లాగితే ఇంకా దిగబడిపోతా ఉంది." ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను. దాని విలువ మాత్రం మర్నాడు బ్రేకు డ్రమ్ము విప్పాకే అర్థమైంది.

ఒక చక్రం తిరిగి ఇంకోటి ఆగిపోవడం జబ్బు కాదని ఓనరుకి ముందే చెప్పాను. ఈ బండిలో ఉన్నది మామూలు ఓపెన్ డిఫరెన్షియల్, అంటే వెనక హౌసింగ్ (చక్రాల మధ్య ఉండే ఇనుప డబ్బా) లోపల ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల సెట్టు. కావడి మోసేవాళ్లను చూసినవాళ్లకి దీని పని సులభంగా తెలుస్తుంది. కావడిబద్ద నిలబడాలంటే రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి. ఒక బుట్టలో అయిదు కిలోలే ఉంటే రెండో బుట్టలోనూ అంతకు మించి పెట్టలేం. డిఫరెన్షియల్‌లో స్టార్ పినియన్ అనే చిన్న పళ్ల చక్రం చేసేది ఆ కావడిబద్ద పనే. రెండు యాక్సిళ్లకూ ఎప్పుడూ సమానమైన బలమే ఇస్తుంది. ఎడమ చక్రం కింద బురద పది కిలోల తోపుకే జారిపోతే, కుడి చక్రం కింద రాతినేల ఉన్నా దానికి అందేది కూడా ఆ పదే. మలుపులో రెండు చక్రాలూ వేరు వేరు వేగంతో తిరగాలి కాబట్టి ఈ ఏర్పాటు తప్పదు.

పైగా క్రౌన్ పళ్లు నిజంగా ఊడితే రెండు చక్రాలకూ బలం ఆగిపోతుంది, లేదా గరగరమని విరిగే శబ్దం వస్తుంది. ఎడమ చక్రం అంత జోరుగా తిరుగుతోందంటే ఇంజను బలం క్రౌన్ దాటి యాక్సిల్ దాకా చక్కగా వస్తోందనే కదా. చక్రం తిరగడమే క్రౌన్ పోయిందనడానికి సాక్ష్యంగా చూపించి ఒక రైతు చేత 28,000 ఖర్చు పెట్టించబోయారంటే నాకు బాధగానే ఉంది. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. అదే డిఫరెన్షియల్‌తో పోయినేడు ఎక్కిన బండి ఇప్పుడెందుకు ఎక్కడం లేదు?

మోత సంగతి ముందు పట్టుకున్నాం. పెన్నా వంతెన దాటి కోవూరు, అక్కడి నుంచి కావలి వైపు హైవే మీద తోలాను. ఇరవై కిలోమీటర్లు లేకుండా రోడ్ టెస్ట్ చేస్తే ఆయిల్ వేడెక్కదు, అసలు శబ్దం బయటికి రాదు. 52 దగ్గర మోత మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కినా అంతే, వదిలినా అంతే, న్యూట్రల్ చేసి జారనిచ్చినా అంతే. క్రౌన్ పినియన్ పళ్లు అరిగి ఉంటే లోడు మారినప్పుడు శబ్దం మారుతుంది. తొక్కితే ఏడుస్తుంది, వదిలితే తగ్గుతుంది, లేదంటే దానికి తలకిందులు. ఇక్కడ మారలేదు. ఖాళీ రోడ్డు చూసుకుని బండిని మెల్లగా కుడికీ ఎడమకీ ఊపాను. చక్రం దగ్గరుండే హబ్ బేరింగు అయితే బరువు పడిన వైపు మోత పెరగాలి. పెరగలేదు. తారు రోడ్డు మీదా సిమెంటు రోడ్డు మీదా ఒకే శబ్దం, కాబట్టి టైర్లదీ కాదు. మలుపులో వేరే చప్పుడేమీ లేదు, అంటే స్టార్ పినియన్ల పళ్లు విరగలేదు.

మిగిలింది టెయిల్ పినియన్ బేరింగు, అంటే క్రౌన్ను తిప్పే చిన్న పినియన్ను మోసేది. దీనికి ఒక లెక్క కూడా తోడుంది. ఈ బండి టైరు 215/75 ఆర్ 15, చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 450 చుట్లు తిరుగుతుంది. పినియన్ దానికి నాలుగు రెట్లు, అంటే 1,800 చుట్లు దాటి తిరుగుతుంది. హబ్ బేరింగు పోతే బొంగురుగా గుర్రుమంటుంది. పినియన్ బేరింగు గొంతు సన్నం. మేం విన్నది సన్నని గొంతు. షెడ్డుకు రాగానే హౌసింగ్ పొట్ట మీద చెయ్యి పెడితే వేడి ఓర్చుకోగలిగాను. ముందు ముక్కు, అంటే పినియన్ కూర్చునే చోట, రెండు సెకన్లు కూడా పెట్టలేకపోయాను.

బండిని వెనక రెండు వైపులా స్టాండ్ల మీదకు ఎత్తి, ముందు చక్రాలకు చెక్కలు పెట్టాం. స్టాండ్ల మీద ఇంజను నడిపి స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి వినేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ వింటాను. కానీ గాల్లో ఒక చక్రం ఆగిపోతే రెండోది మీటరు చూపించే వేగానికి రెట్టింపు తిరుగుతుంది. మీటరు 40 చూపిస్తుంటే ఆ టైరు 80లో ఉంటుంది. అందుకే సెకండ్ గేరులో ఐడిల్ మీదే వింటాం, ఎవరినీ చక్రం పక్కన నిలబడనివ్వం.

ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఎడమ చక్రం చేత్తో తిప్పితే కుడిది వెనక్కి తిరిగింది, సాఫీగా. స్టార్లు బాగున్నాయి. కుడి చక్రాన్ని మావాడు గట్టిగా పట్టుకుంటే ఎడమది సరిగ్గా రెండు చుట్లు తిప్పి, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద చాక్‌పీసు గీత ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టాం. అదే రేషియో. పినియన్‌కు 9 పళ్లు, క్రౌన్‌కు 37 పళ్లు ఉంటే 4.11 వస్తుంది. పాత బండ్లలో హౌసింగ్ ఎప్పుడో ఎవరో మార్చి ఉంటారు. పార్టులు తెప్పించే ముందు ఈ లెక్క చూసుకోకపోతే తప్పు సామాను వచ్చి పడుతుంది. 'టక్' మనే దెబ్బలో సగం వెనక యూజే క్రాస్‌ది. ప్రొపెల్లర్ షాఫ్ట్ చివరి కీలు అది. దాని నీడిల్ బేరింగుల్లో గ్రీజు ఎండిపోయి ఎర్రటి తుప్పు పొడి రాలింది.

తర్వాత లెవెల్ ప్లగ్గు విప్పాం. వేలు పెట్టి తీస్తే వచ్చింది ఆయిల్ కాదు, పాలు ఎక్కువైన టీ రంగులో జావ. అనుమానం ఉన్నవాళ్ల కోసం మా షెడ్డులో ఒక ఇనుప రేకు ఉంచుకుంటాం. దాన్ని బ్లో ల్యాంపుతో వేడిచేసి రెండు చుక్కలు వేశాను. పోపులో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. మంచి గేర్ ఆయిల్ పొగ మాత్రమే వదులుతుంది, నీళ్లుంటేనే ఇలా చిట్లుతుంది. ఓనరు వంగి చూసి, "ఇందులోకి నీళ్లు యాడ్నించి వచ్చాయి తమ్ముడూ?" అన్నారు.

ఎలా వచ్చాయో తెలియాలంటే హౌసింగ్ పైన ఉండే బ్రీథర్ చూడాలి. బొటనవేలంత చిన్న టోపీ. ఆయిల్ వేడెక్కి లోపల గాలి వ్యాకోచిస్తే అక్కడి నుంచి బయటికి పోవాలి, చల్లబడితే అక్కడి నుంచే లోపలికి రావాలి. ఈ బండిలో ఆ టోపీ మీద గుంటల బురద ఎండి రాయిలా గట్టిపడింది. పిన్నీసుతో గుచ్చితే పెళ్లలు పెళ్లలుగా ఊడింది. గాలికి దారి లేనప్పుడు బండి రోడ్డు మీద నడిచి వేడెక్కితే లోపలి ఒత్తిడి ఆయిల్‌ను సీళ్ల అంచుల నుంచి బయటికి తోస్తుంది. అలా కాలుతున్న హౌసింగ్‌ను తీసుకెళ్లి మోకాలి లోతు ఉప్పునీళ్లలో దింపితే గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, అవే సీళ్ల అంచుల నుంచి నీళ్లను లోపలికి పీలుస్తుంది. సిరంజి పనిచేసినట్టే. బకింగ్‌హాం కాలువకు అవతల గుంటలున్న రైతులకు ఇది రోజూ ఉండే దారి. ఇది బండి తయారీలో లోపం కాదు, ఆ బురదలో పనిచేసే ఏ బండికైనా వచ్చేదే.

ఇక మర్నాడు పొద్దున డ్రమ్ములు. కుడివైపు విప్పితే పొడి ధూళి, లైనరు మందంగా, శుభ్రంగా ఉంది. ఎడమవైపు డ్రమ్ము లాగగానే గంధకం వాసన గుప్పుమంది. గేర్ ఆయిల్‌లో వేసే మందు వాసన అది, ఒకసారి పీలిస్తే మరిచిపోలేరు. లైనర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి, షూ కింద ఆయిల్ బొట్లు బొట్లుగా నిలిచింది. హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు చూస్తే ఎడమదాని నట్టు కుడిదానికంటే బాగా ముందుకు బిగించి ఉంది. అప్పుడు డ్రైవరు మాట గుర్తొచ్చి కూర్చుని ఆలోచించాను.

హ్యాండ్ బ్రేక్ లాగి బురద దాటడం మన దగ్గర చాలామంది డ్రైవర్లు చేసే పని. నిజానికి రెండు వైపులా బ్రేకు సమానంగా పడితే దానివల్ల వచ్చే లాభం దాదాపు ఏమీ లేదు. జారే చక్రం మీద బ్రేకు ఎంత బరువు వేసిందో, పట్టున్న చక్రం మీదా అంతే వేసింది. కావడిలో రెండు బుట్టల్లోనూ ఒకే రాయి పెట్టినట్టు. పిచ్చిగా తిరిగే చక్రం కాస్త నెమ్మదిస్తుంది, అంతవరకే. ట్రాక్టరులో కుడికీ ఎడమకీ వేరు వేరు బ్రేకు పెడల్ ఉంటుంది కాబట్టి జారే చక్రాన్ని ఒక్కదాన్నే పట్టి ఆపుతారు, అప్పుడు బలం రెండోదానికి వెళుతుంది. ఈ బొలెరోలో ఎవరో ఎప్పుడో ఎడమ కేబుల్ ఎక్కువ బిగించారు. గట్టు మీద గుంటవైపు పడేది, జారేది కూడా ఎడమ చక్రమే. అందువల్ల ఎవరికీ తెలియకుండానే ఈ బండికి ట్రాక్టరు బ్రేకు దొరికింది. ఇప్పుడు ఎడమ లైనరు ఆయిల్‌లో నానిపోయింది. హ్యాండ్ బ్రేక్ లాగితే పట్టుకునేది కుడి చక్రాన్ని మాత్రమే, అంటే నేల మీద పట్టున్న ఆ ఒక్క చక్రాన్నే ఆపుతోంది. లాగేకొద్దీ దిగబడటానికి కారణం అది.

దీనికి టైర్లు తోడయ్యాయి. కుడి వెనక టైరు రెండు నెలల కిందట వేసింది, గాడి లోతు 8 మిల్లీమీటర్లు. ఎడమది 2 మిల్లీమీటర్లకు అరిగిపోయింది. ఒక్కో చక్రం ఒక చుట్టు దొర్లించి నేల మీద గీతలు కొలిస్తే తేడా దాదాపు 4 సెంటీమీటర్లు. నేరుగా పోయే హైవే మీద కూడా కిలోమీటరుకు ఎడమ చక్రం ఏడెనిమిది చుట్లు ఎక్కువ తిరగాలి, ఆ తేడా అంతా స్టార్లే మింగాలి. నీళ్లు కలిసిన ఆయిల్‌లో అది ఇంకా భారం.

హౌసింగ్ విప్పక తప్పదు, కానీ విప్పేది బేరింగుల కోసం. విప్పే ముందు సైడ్ బేరింగ్ క్యాపులకు పంచుతో గుర్తులు కొట్టాం. ఆ క్యాపులు హౌసింగ్‌తో కలిపి బోరు చేస్తారు, కుడిది ఎడమకు పెడితే జీవితంలో సెట్ కాదు. డయల్ గేజ్ పెట్టి పళ్ల మధ్య వదులు, అంటే బ్యాక్‌లాష్ చూస్తే 0.18 మిల్లీమీటర్లు, ఉండాల్సినంతే ఉంది. పళ్లకు మార్కింగ్ పేస్ట్ రాసి తిప్పితే ముద్ర పంటి నడిమధ్య పడింది. 2,70,000 కిలోమీటర్లు తిరిగిన క్రౌన్ పినియన్ అలా ఉండటం చూసి నాకే ముచ్చటేసింది. ఫోటో తీసి ఓనరుకి చూపించాను.

పినియన్ ముందు బేరింగు బయటికి తీశాక అసలు దోషి కనిపించాడు. కప్పు (రోలర్లు దొర్లే బయటి రింగు) లోపలి గోడ మీద సన్నని నల్లటి గీతలు, దువ్వెన పళ్లలాగా సమాన దూరంలో. ఆ దూరం రోలర్ల మధ్య ఉన్న దూరమే. తిరుగుతూ అరిగితే గీత చుట్టూ వస్తుంది. ఇలా నిలువుగా, రోలర్ కూర్చున్న చోటే పడిందంటే బండి కదలకుండా నిలిచి ఉన్నప్పుడు ఉప్పునీరు తిన్నదని అర్థం. "బండి ఎప్పుడైనా చాలా రోజులు ఆపేశారా అన్నా?" అని అడిగాను. ఆగస్టులో పట్టుబడి అయ్యాక, గుంటలు ఎండబెట్టిన నెల రోజులూ బండి షెడ్డులోనే ఉందట. చివరి రోజు ఐసు దింపడానికి నీళ్లలో దిగి, అట్నుంచి అటే నిలబెట్టేశారు. ఆ నెల రోజుల్లోనే బేరింగు పోయింది.

రిపేరు కొత్తేమీ కాదు. పినియన్ రెండు బేరింగులు, సైడ్ బేరింగులు, పినియన్ సీలు, రెండు వైపులా యాక్సిల్ సీళ్లు, వెనక యూజే క్రాస్ మార్చాం. పినియన్ తల కింద ఉన్న పాత షిమ్మునే (ఎత్తు సరిచేసే పలచని రింగు) పెట్టి, బిగించాక మళ్లీ ముద్ర చూశాం, మారలేదు. బిగింపు మాత్రం అందాజాతో వద్దని మావాళ్లకు ఎప్పుడూ చెబుతాను. ఫ్లాంజికి దారం చుట్టి స్ప్రింగ్ కాటాతో లాగి, మాన్యువల్ చెప్పిన ప్రీలోడ్ (బేరింగు బిగువు) వచ్చేదాకా కొంచెం కొంచెంగా బిగించాలి. నలిగే కాలరు ఉన్న హౌసింగులో ఎక్కువ బిగిస్తే నట్టు వదులు చేసి సరిపెట్టడం కుదరదు, కాలరు మార్చాల్సిందే. హౌసింగ్ లోపల డీజిల్‌తో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, జీఎల్-5 గ్రేడు 80డబ్ల్యు-90 పోశాం. ఇలాంటి హైపాయిడ్ పళ్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ జారతాయి. జీఎల్-4 ఆయిల్ ఆ ఒత్తిడికి చాలదు. షాపులో "నైంటీ ఆయిల్" అని మాత్రం అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు, డబ్బా మీద జీఎల్-5 అని చదివి తెచ్చుకోవాలి.

బ్రీథర్ టోపీ తీసేసి నిపుల్ వేసి, డీజిల్ లైనుకు వాడే రబ్బరు ట్యూబు ఒకటిన్నర మీటరు తీసుకుని ఛాసిస్ మీదుగా బాడీ లోపలికి ఎత్తి కట్టాం, చివర చిన్న ఫిల్టరు. యాక్సిల్ ఎగిరి పడినప్పుడు ట్యూబు లాగకుండా మధ్యలో కాస్త వదులు ఉంచాలి. ఈ మొత్తం కేసులో అతి చవకైన పని ఇది. గుంటలకు తిరిగే ప్రతి బండికీ ఇది వేయాలని నా కోరిక.

బ్రేకుల దగ్గర ఓనరుకీ నాకూ కాసేపు వాదన జరిగింది. ఆయిల్ తాగిన లైనరు ఎంత కడిగినా, కాల్చినా వేడెక్కితే మళ్లీ కక్కుతుంది. అందుకే రెండు వైపులా కొత్త షూలు వేసి, కేబుళ్లు సమానంగా సెట్ చేశాం. "అట్టయితే నా గట్టు ఎక్కే కిటుకు పోయినట్టే గదా? ఎడమది కొంచెం బిగించి పెట్టు," అన్నారు ఆయన. ఒప్పుకోలేదు. వానలో హైవే మీద డ్రైవరు అత్యవసరంగా హ్యాండ్ బ్రేక్ లాగితే బండి అడ్డం తిరుగుతుంది. అందులో ఆయన పిల్లలు కూడా బడికి వెళతారని తెలిసి ఆ పని నా చేత్తో చేయలేను. ఆయన ఇంకో మాట కూడా అడిగారు, స్టార్లు వెల్డింగ్ కొట్టేస్తే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయంట కదా అని. తిరుగుతాయి. మలుపులో కూడా కలిసే తిరుగుతాయి, టైరు కోసుకుపోతుంది, తారు రోడ్డు మీద ఏదో ఒక రోజు యాక్సిల్ విరుగుతుంది. అది ఎవరు అడిగినా చేయను.

బదులుగా వెనకకు రెండూ ఒకే కంపెనీ, ఒకే గాడి లోతున్న లోతు పళ్ల టైర్లు వేయించాను. అసలు బండి దిగబడేది మేత దించేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు. సీట్లు కూడా లేని వెనక భాగం తేలిపోతుంది. అందుకని 25 కిలోల మేత బస్తాల సంచులు ఆరింటిలో ఇసుక నింపి యాక్సిల్ మీదుగా అడ్డంగా పరిచి ఉంచమన్నాను. బురద రోజుల్లో గుంట దగ్గర వెనక టైర్ల గాలి 20 పీఎస్ఐకి తగ్గించి, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి. బండిలో చిన్న గాలి పంపు పెట్టించాం.

మొదటి పరీక్ష నవంబరులో మూడు రోజుల ముసురు తర్వాత జరిగింది. నేనే వెళ్లాను. డ్రైవరు సెకండ్ గేరులో, రేజ్ చేయకుండా, హ్యాండ్ బ్రేక్ జోలికి పోకుండా ఎక్కించాడు. సగంలో ఎడమ చక్రం ఒక అర చుట్టు జారి మళ్లీ పట్టుకుంది. గట్టు చివర, మోటారు షెడ్డు దగ్గర జిగట నల్లమట్టిలో మాత్రం ఎక్కలేకపోయాడు. అక్కడ ఇదివరకు కూడా ట్రాక్టరుతోనే లాగేవాళ్లమని ఓనరే చెప్పారు. ఆ పది గజాలకు గులకరాయి పోయిస్తున్నారు.

హైవే మీద మోత లేదు. 'టక్' మనే దెబ్బ పూర్తిగా పోలేదు, స్టార్ల వెనక వాషర్లు కొంచెం అరిగి ఉన్నాయి. బ్యాక్‌లాష్ బాగున్నంతవరకు వాటి కోసం హౌసింగ్ మళ్లీ విప్పొద్దని చెప్పాను. డిసెంబరు చివర లెవెల్ ప్లగ్గు విప్పి చూస్తే ఆయిల్ తేనె రంగులో ఉంది, ఇనుప రేకు మీద చప్పుడు లేకుండా పొగ వదిలింది. ఎడమ డ్రమ్ములో పొడి ధూళి మాత్రమే ఉంది.